వానాకాలం కొంగలు, ఎండాకాలం రిపోర్టు: ఒక క్వారీ కేసు

ముందే చెప్పేస్తాను, నేను ఉద్యమాల మనిషిని కాను. మైనింగ్ డిప్లొమా చదివి, టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో మేటుగా మొదలుపెట్టి, బ్లాస్టర్‌గా, ఫోర్‌మన్‌గా ఇరవై ఏళ్ళకు పైగా రాయి మీదే బతికినవాణ్ణి. ఇప్పుడు ఆ ఎండలో తిరిగే ఓపిక లేక క్వారీ వాళ్ళకి మైనింగ్ ప్లాన్లు గీసిపెడతాను, పర్యావరణ రిపోర్టుల్లో పేలుడు, అదురు, చప్పుడు గురించిన అధ్యాయాలు రాసిపెడతాను. అంటే ఈ కేసులో ఊరివాళ్ళు ఎలాంటి రిపోర్టు మీద మండిపడుతున్నారో, అలాంటివి రాసే చేతుల్లో నాదీ ఒకటి. అది దాచిపెట్టి ఈ కేసు రాస్తే సగం అబద్ధమే అవుతుంది.

ఊరి పేరు రాయను, కంపెనీ పేరూ రాయను, ఫైలు ఇంకా నడుస్తోంది. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, హైవేకి పడమర, మబ్బులేని రోజున మహేంద్రగిరి కనబడే చోట అనుకోండి. ఊరి మొదట్లో చెరువు, గట్టు మీద వరసగా చింతలు, రెండు మర్రిచెట్లు, ఓ మూల వెదురు పొద. మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడ్డాయంటే ఆ చెట్ల మీద నత్తగుల్ల కొంగలు దిగుతాయి. గూళ్ళు కట్టి, పిల్లల్ని లేపి, కార్తీకం వెళ్ళాక వెళ్ళిపోతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు, అక్కడా ఇవే కొంగలు, ఇదే కాలం. టెక్కలి దగ్గర తేలినీలాపురం సంగతి వేరు, అక్కడివి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, శీతాకాలపు చుట్టాలు. ఆ రెండు ఊళ్ళకీ ఉన్న పేరు ఈ ఊరికి లేదు. టికెట్టు లేదు, గెస్ట్ హౌస్ లేదు. ఎప్పుడో కట్టిన చిన్న టవర్ ఒకటి ఉంది, దాని మెట్లలో రెండు లేవు. అయినా కార్తీకమాసం ఆదివారాల్లో ఆ గట్టు మీద కాలు పెట్టే చోటు ఉండదు. చుట్టుపక్కల మండలాల నుంచి ఆటోలు కట్టుకుని వనభోజనాలకి వస్తారు, పైన కొంగలు, కింద పులిహోర. స్కూలు పిల్లల్ని తీసుకొస్తారు. బఠాణీలు, ఐస్‌లు అమ్ముకునేవాళ్ళకి ఆ నెల పండగే.

చెరువుకి ఈశాన్యంగా కిలోమీటరున్నర దూరంలో ఒక కొండ. రికార్డుల్లో కొండ పోరంబోకు. అక్కడ 11 హెక్టార్లలో కలర్ గ్రానైట్ లీజుకి అర్జీ పడింది.

నాకు కబురొచ్చింది మా ఆవిడ తరఫు బంధువు ద్వారా. "అన్నయ్యా, నువ్వు రాళ్ళ కంపెనీల్లో చేశావు కదా, ఊళ్ళో ఏదో బుక్కు వచ్చింది, అందులో ఏముందో చూసి చెప్పు" అంది. ఆ బుక్కు పర్యావరణ ప్రభావ నివేదిక ముసాయిదా. పంచాయతీ ఆఫీసులో దాని తెలుగు సారాంశం మాత్రమే ఉంది, ఇరవై పేజీలు. అసలుది ఇంగ్లీషులో మూడొందల పేజీల పైన, కలెక్టరేట్లో, జిల్లా పరిషత్‌లో, పరిశ్రమల కేంద్రంలో చూసుకోవచ్చు. చూసుకోవచ్చు అంటే ఎవరూ ఆపరు అని అర్థం, ఎవరైనా చూస్తారని కాదు.

ఇక్కడ నియమాల గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత సంగతి అర్థం కాదు. 2006 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి పనులకి ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. చిన్న ఖనిజాలకి, అంటే గ్రానైటు, కంకర, ఇసుక లాంటివాటికి, 5 హెక్టార్ల లోపు లీజులైతే అనుమతి అక్కర్లేదని చాలాకాలం నడిచింది. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. తర్వాత 5 నుంచి 25 హెక్టార్ల లీజులకి ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే పని కానిచ్చే ఏర్పాటు 2016లో వచ్చింది, దాన్ని 2018లో గ్రీన్ ట్రిబ్యునల్ తప్పుపట్టింది. కాబట్టి 11 హెక్టార్లంటే రిపోర్టు రాయాలి, సభ పెట్టాలి, 30 రోజుల ముందు పేపర్లో నోటీసు వేయాలి. ఊరివాళ్ళ అదృష్టం అది. అదే 4.9 హెక్టార్లు అడిగి ఉంటే, అనుమతి కావాల్సి వచ్చినా ఈ సభే ఉండేది కాదు. ఈ 4.9 అనే అంకె మా వృత్తిలో ఎంత మామూలో చెబితే నవ్వుతారు.

సారాంశం చదివాను. పక్షుల గురించి ఒకే వాక్యం ఉంది: "అధ్యయన ప్రాంతంలో ప్రాముఖ్యత గల పక్షి జాతుల ఆవాసాలు గమనించబడలేదు." ఆ 'బడలేదు'లోనే ఉంది కిటుకంతా. ఎవరు గమనించలేదు, ఎప్పుడు గమనించలేదు? పదో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది: బేస్‌లైన్ సర్వే (పని మొదలుకాక ముందు అక్కడి స్థితి చూసే సర్వే) కాలం, మార్చి నుంచి మే.

ఆ లైను దగ్గర నేను ఓ నిమిషం ఆగిపోయాను. తప్పు పట్టుకున్నానన్న సంతోషంతో కాదు. అంతకు రెండేళ్ళ ముందు మరో క్వారీకి నేను రాసిచ్చిన అధ్యాయంలోనూ అదే మూడు నెలలు. అది అక్రమం కూడా కాదు. వానాకాలం వదిలేసి ఒక సీజన్ డేటా తీస్తే చాలన్నది ఉన్న పద్ధతే. వానలో గాలి తేటగా ఉంటుంది, దుమ్ము తక్కువ చూపిస్తుంది, అందుకని ఆ కాలం వద్దన్నారు. మంచి ఉద్దేశమే. కానీ వానాకాలంలోనే గూడు పెట్టే పక్షి విషయానికొస్తే అదే నియమం దాన్ని కాగితం మీంచి తుడిచేస్తుంది. ఎండాకాలంలో వెళితే ఆ చెట్ల మీద ఏముంటాయి? కిందటేటి పుల్లలు, కాకులు.

మొదటిసారి ఊరు వెళ్ళింది ఆగస్టు ఆఖరున, చవితి రోజుల్లో. గట్టు ఎక్కేసరికి ముందు తగిలింది వాసన, కోళ్ళఫారంలా. ఆ తర్వాత చప్పుడు. ఈ కొంగలు పెద్దగా అరవవు, ముక్కులు టకటకలాడిస్తాయి, వంద చిడతలు ఒక్కసారి వాయించినట్టు ఉంటుంది. ముక్కు రెండు దవడల మధ్య సందు ఉంటుంది, నత్తని పట్టుకోడానికి వీలుగా. కింద నేలంతా నత్తగుల్లలు. నాతో వచ్చిన పెద్దావిడ, డెబ్బై ఏళ్ళు ఉంటాయేమో, ఒక గుల్ల తీసి చేతిలో పెట్టింది. "చూడు బావూ, చిప్ప పగలదు. లోపలి కండ ఒక్కటే లాగేత్తాది. మన గుంటలకి అంత నేర్పు నేదు." నిజమే, గుల్ల చెక్కుచెదరలేదు.

అప్పుడే గట్టు అవతల ఎవరో కుర్రాడు లక్ష్మీ బాంబు కాల్చాడు. ఒక్కటే. చెట్ల మీద ఉన్న పెద్ద కొంగలన్నీ ఒక్క ఊపున లేచిపోయాయి, ఆకాశం మసకేసినట్టయింది. నేను అలవాటుకొద్దీ వాచీ చూసుకున్నాను, బ్లాస్టింగ్ అలవాటు అది. నిమిషం తిరక్కుండా కాకులు దిగాయి. రెండు కాకులు ఒక గూటి మీద, ఇంకోటి పక్క కొమ్మ మీద. గుడ్డో, అప్పుడే పుట్టిన పిల్లో, నోట కరుచుకుని పోయింది ఒకటి. పెద్ద కొంగలు తిరిగి సర్దుకునేసరికి నాలుగు నిమిషాలు. పెద్దావిడ ఆ కుర్రాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఇరవై ఏళ్ళలో నేను పేల్చిన మందుకి లెక్క లేదు. పేల్చిన ప్రతిసారీ రాయి ఎటు పడింది, ఎవరి గోడ బీటలిచ్చింది అని చూశాను. నాలుగు నిమిషాల్లో కాకి ఏం చేస్తుందో చూడాలని ఎప్పుడూ తట్టలేదు.

ఇళ్ళకైతే లెక్క ఉంది. గనుల భద్రత డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ప్రకారం మామూలు ఇళ్ళ దగ్గర నేల అదురు, 8 హెర్ట్జ్ లోపైతే, సెకనుకి 5 మిల్లీమీటర్లు దాటకూడదు. దూరం ఎంత, ఒక్క డిలేకి, అంటే ఒకే క్షణంలో పేలే వాటాకి, ఎంత మందు పడుతోంది అన్నది చూసుకుని పేలిస్తే కిలోమీటరున్నర దూరంలో ఆ హద్దు దాటడం కష్టం. రిపోర్టులోని లెక్క సరిగ్గానే ఉంది, నేను మళ్ళీ వేసి చూశాను. డేంజర్ జోన్ 500 మీటర్లు, అందులో ఇళ్ళు లేవు, అదీ సరే. కానీ ఈ లెక్కలన్నీ గోడకి, మనిషికి. గూడు మీద కూచున్న కొంగకి నేల అదురుతో పనిలేదు, గాల్లో వచ్చే చప్పుడుతో పని. ఆ గాలిదెబ్బ మబ్బు కిందకి దిగిన రోజున మామూలు కంటే దూరం పోతుంది, ఏ బ్లాస్టర్‌ని అడిగినా చెబుతాడు. మబ్బు దిగి ఉండేది ఎప్పుడు? వానాకాలంలో. కొంగ గూట్లో ఉండేది ఎప్పుడు? మళ్ళీ అదే.

అక్కడి నుంచి నాకు రిపోర్టు చదివే పద్ధతి మారిపోయింది. ప్రతి పేజీ దగ్గర ఒకటే ప్రశ్న వేసుకోవడం మొదలుపెట్టాను: ఇది ఏ నెల మాట?

గెడ్డ (వాగు) సంగతి అలాగే దొరికింది. "లీజు ప్రాంతంలో నీటి వనరులు లేవు" అని రాశారు. ఏప్రిల్లో నిజంగానే లేవు. నేను వెళ్ళిన రోజు కొండ నైరుతి పక్కన మోకాలి లోతు గెడ్డ పారుతోంది, దాటలేక చెప్పులు చేత్తో పట్టుకోవలసి వచ్చింది. ఊరివాళ్ళకి దాని పేరూ ఉంది, వంపులూ తెలుసు. గ్రామ నక్షాలో గెడ్డ పోరంబోకు అని గీత స్పష్టంగా ఉంది. ఆ గెడ్డే చెరువుకి వచ్చే నీళ్ళలో పెద్ద భాగం. చెరువు కింద వరి, వరిలో నత్తలు, నత్తల కోసం కొంగలు. మైనింగ్ ప్లాన్‌లో వ్యర్థాల డంపు ఎక్కడ చూపించారో చూస్తే, సరిగ్గా ఆ గెడ్డ తల మీద.

గ్రానైట్ క్వారీ తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అమ్ముడయ్యేది బీటలేని, మరకలేని పెద్ద బ్లాకు. తవ్విన రాయిలో ఎక్కువ భాగం అలా ఉండదు, అది డంపుకి పోతుంది. టెక్కలి వైపు వెళ్ళి చూడండి, కొండ పక్కన ఇంకో కొండ లేచినట్టు ఉంటాయి ఆ గుట్టలు. అలాంటిది గెడ్డ తల మీద పడితే రెండు వానలకే రాతిపొడి బురద చెరువులోకి దిగుతుంది. పేలుడు కంటే ఇదే పెద్ద ప్రమాదం అని నా అభిప్రాయం, ఇప్పటికీ. పేలుడు ఆపమంటే ఆగుతుంది. మట్టితో పూడిన గెడ్డని మళ్ళీ గెడ్డ చేయడం ఎవరూ చేసి చూపించలేదు మా వైపు. కానీ ఊళ్ళో ఏ మీటింగుకి వెళ్ళినా అందరూ "బాంబులు, బాంబులు" అనే గానీ గెడ్డ మాట ఎత్తినవాళ్ళు ఇద్దరో ముగ్గురో, అదీ చెరువు కింద పొలం ఉన్నవాళ్ళు.

గాలి కూడా అంతే. మార్చి నుంచి మే వరకు మా తీరంలో గాలి దక్షిణం నుంచో నైరుతి నుంచో వీస్తుంది. రిపోర్టులోని గాలి పటం చూస్తే దుమ్మంతా ఊరికి అవతల దిక్కుకి, జీడితోటల మీదికి పోతున్నట్టుంది. అక్టోబర్ దాటాక గాలి ఉత్తరానికీ ఈశాన్యానికీ తిరుగుతుంది. కొండ ఈశాన్యంలో ఉంది, ఊరు దాని కింద ఉంది. ఇంక చెప్పేదేముంది. క్వారీ దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో దిగితే ఏమవుతుందో తెలిసిన జాక్‌హామర్ ఆపరేటర్లు నాకు చాలామంది తెలుసు, వాళ్ళలో అందరూ ఇప్పుడు లేరు. బావుల్లో నీటిమట్టం కూడా ఎండాకాలపు కొలతే ఇచ్చారు. మట్టం బాగా కిందకి దిగి ఉన్నప్పుడు కొలిచి, గుంత దాన్ని తాకదు అన్నారు. వానలు పడ్డాక అదే బావిలో నీళ్ళు చేత్తో తోడుకునేంత పైకి వస్తాయి.

ఇంతవరకు చదివి కంపెనీవాళ్ళు దుర్మార్గులని అనుకోవద్దు. నేను వాళ్ళ మేనేజర్‌తో మాట్లాడాను, ఒకప్పుడు ఒకే క్వారీలో పనిచేశాం. డైమండ్ వైర్ సాతో (వజ్రపు పూసలున్న తీగ రంపంతో) కోస్తాం, పేలుడు పైపొర తీయడానికి మాత్రమే అన్నాడు. అది నమ్మదగ్గ మాటే, బ్లాకు కావాలనుకునేవాడు ఎక్కువ మందు పెట్టడు, పెడితే రాయి బీటలిస్తుంది, సరుకు పోతుంది. "మరి అది రిపోర్టులో ఎందుకు రాయలేదు?" అంటే, రిపోర్టు మాకు హైదరాబాదులో రాస్తారు, మేం సంతకం పెడతాం అన్నాడు. ఆ మాట కూడా నమ్మదగ్గదే.

ఊళ్ళో అందరూ ఒకవైపూ లేరు. డిగ్రీ చదివి ఇంట్లో కూచున్న కుర్రాళ్ళున్నారు. విశాఖపట్నమో చెన్నైయో పోయి వాచ్‌మన్ పని చేసే బదులు ఇక్కడే టిప్పర్ నడుపుకుంటే తప్పేంటని ఒకడు నన్ను మొహం మీదే అడిగాడు. తప్పేం లేదన్నాను. జిల్లాలో ఎంతమంది ఈ గ్రానైటు మీద బతుకుతున్నారో నాకంటే ఎవరికి తెలుస్తుంది. ఆ కుర్రాడు తర్వాత సభలోనూ మాట్లాడాడు, బాగా మాట్లాడాడు.

ఊరివాళ్ళ భయాల్లో నిలబడనివి కూడా ఉన్నాయి, వాటిని ముందే పక్కన పెట్టించడానికి నేను పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. మొదటిది సైబీరియా. మా జిల్లాలో ఏ కొంగని చూసినా సైబీరియా నుంచి వచ్చిందంటారు, పేపర్లలోనూ అలాగే వస్తుంది. నత్తగుల్ల కొంగ సైబీరియా పక్షి కాదు, మన ఉపఖండంలోనూ ఆగ్నేయాసియాలోనూ ఉండేదే, వానలని బట్టి, నీళ్ళని బట్టి చోటు మారుతుంది. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ కూడా ఇక్కడివే. ఈ ఒక్క మాట అవతలివాడి చేతికి చిక్కితే చాలు, మిగతా తొంభై తొమ్మిది మాటలూ తేలిపోతాయని చెప్పాను. సరే సరే అన్నారు.

రెండోది కిడ్నీ. ఉద్దానం పక్కనే కాబట్టి ఆ భయం సహజం, ప్రతి ఇంట్లో డయాలసిస్ కథ ఒకటుంది, పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చిందీ అందుకే. కానీ ఆ జబ్బుకి కారణం ఇదీ అని శాస్త్రం తేల్చలేదు, క్వారీ వల్ల కిడ్నీలు పోతాయి అంటే అవతలివాళ్ళు ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. అందుకని దాన్ని, మా తాగునీటి బావులకి వానాకాలం, ఎండాకాలం రెండుసార్లూ నీటి పరీక్ష చేసి చూపించండి అన్న అడుగుగా మార్చాం. దీనికి మాత్రం ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. భార్య పోయింది ఆ జబ్బుతోనే. "నేను నా మాటే సెప్తాను" అన్నాడు. నేను ఇంకేం అనలేదు.

మూడోది అభయారణ్యం. సుప్రీంకోర్టు అభయారణ్యం చుట్టూ కిలోమీటరు మైనింగ్ వద్దంది కదా అని ఒక మాస్టారు కాగితం తెచ్చాడు. అది నోటిఫై అయిన అభయారణ్యాలకి, జాతీయ పార్కులకి. ఈ చెరువుగట్టు ఏ గెజిట్‌లోనూ లేదు. రిపోర్టులో "10 కిలోమీటర్ల లోపు రక్షిత ప్రాంతాలు: లేవు" అని రాసింది సాంకేతికంగా తప్పు కాదు. మాస్టారు చాలా నిరుత్సాహపడ్డారు. కానీ రక్షిత ప్రాంతం కాకపోయినా అక్కడ పక్షులు గూళ్ళు పెడుతున్నాయన్న సంగతి సర్వేలో రాయాల్సిందే, రాయకపోతే సర్వే అసంపూర్తి. మన పట్టు చట్టంలో లేదు, సర్వేలో ఉంది. ఇది వాళ్ళకి నచ్చజెప్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

అసలు పని ఒక కేలండర్‌తో జరిగింది. కిరాణా కొట్టువాడు ఇచ్చే తెలుగు కేలండరే, తిథులూ కార్తెలూ ఉండేది. మాస్టారి స్కూల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నలుగురు దాని మీద పని చేశారు. కొంగలు దిగిన రోజు, గూటి పుల్లలు మోసిన రోజులు, మొదటి పిల్ల కనబడ్డ రోజు, గెడ్డ పారడం మొదలైన రోజు, ఆగిన రోజు, గాలి తిరిగిన వారం, వనభోజనాల ఆదివారాలు. పెద్దవాళ్ళని అడిగి రంగు పెన్నులతో గుర్తులు పెట్టారు. కిందటి మూడేళ్ళవి ఫోన్లలో ఉన్న ఫొటోల తేదీలతో సరిపోల్చారు, అది నా సలహా కాదు, వాళ్ళకే తట్టింది. 2018లో తిత్లీ తుఫానుకి పడిపోయిన చెట్ల మొదళ్ళు కూడా లెక్కపెట్టారు, అందువల్ల ఇప్పుడు గూళ్ళన్నీ మిగిలిన చెట్ల మీదే ఇరుక్కున్నాయని తేలింది. ఆఖరున మార్చి, ఏప్రిల్, మే గళ్ళ మీద ఎర్ర పెన్నుతో చట్రం గీసి, సర్వే అని రాశారు. ఆ చట్రం లోపల ఒక్క గుర్తూ లేదు. మిగతా కేలండరంతా రంగులే.

నేను రాసిన ఆరు పేజీల టెక్నికల్ నోట్ కంటే ఆ కేలండర్ ఎక్కువ పనిచేసింది, ఒప్పుకుంటాను.

సభ నవంబర్లో, హైస్కూల్ మైదానంలో. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, వీడియో కెమెరా, ముందు వరసలో పోలీసులు. మా జిల్లాలో ఇలాంటి సభ అంటే జనానికి ఒక బెరుకు ఉంటుంది. 2010 జూలైలో సోంపేట బీల దగ్గర, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో పవర్ ప్లాంట్ల గొడవల్లో కాల్పులు జరిగి మనుషులు పోయారు, ఆ ఊళ్ళ చుట్టాలు ఈ ఊళ్ళోనూ ఉన్నారు. ఆడవాళ్ళని పంపొద్దని కొందరన్నారు. ఆడవాళ్ళే ఎక్కువమంది వచ్చారు.

మొదటి గంట రాజకీయం. దాని గురించి రాయడం దండగ. తర్వాత ఎవరో కుర్రాడు మైకు పట్టుకుని, సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చే మా అతిథుల్ని... అని మొదలుపెట్టాడు. నేను తల పట్టుకున్నాను. కన్సల్టెంట్ తరఫున వచ్చినాయన వెంటనే లేచి, ఇది సైబీరియా పక్షి కాదండీ, దేశమంతా ఉండే సాధారణ కొంగ, అంతరించిపోయేది కూడా కాదు, ప్రజల్ని తప్పుదోవ పట్టిస్తున్నారు అన్నాడు. ఆయన చెప్పింది నిజం. జనంలో నవ్వులు, ముందు వరసలో కూడా.

అప్పుడు ఆ నత్తగుల్ల పెద్దావిడ లేచింది. పేర్లిచ్చినవాళ్ళ జాబితాలో ఆవిడ లేదు.

"సైబీరియావో, సిక్కోలువో, ఎక్కడివైతేనేటి బావూ. నువ్వు మా ఊరు ఏ నెల్లో వొచ్చినావు?"

ఆయన కాగితం చూసుకుని, మార్చి నుంచి మే వరకు మా టీమ్ వచ్చిందమ్మా అన్నాడు.

"అదే అడుగుతన్నాను. పెళ్ళి మాఘంలో అయితే ఆషాడంలో వొచ్చి పందిరి నేదంటే ఎలాగ?"

మైదానమంతా గొల్లుమంది. పిల్లలు కేలండర్ తెచ్చి వేదిక మీద బల్ల మీద పరిచారు. వేదిక మీద ఉన్న అధికారి లేచి నిలబడి చూశారు, ఎర్ర చట్రం మీద వేలు పెట్టి ఏదో అడిగారు, తొమ్మిదో తరగతి పిల్ల జవాబు చెప్పింది. మైకు లేదు కాబట్టి నాకు వినబడలేదు. గెడ్డ గురించి నక్షా కాపీతో సహా రాసిచ్చిన అభ్యంతరం ఇచ్చాం, కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాం. టిప్పర్ కుర్రాడు ఉద్యోగాల గురించి మాట్లాడాడు, కొందరు అరిచారు, మాస్టారు వాళ్ళని కూచోబెట్టి అతని మాట పూర్తి చేయించారు. కిడ్నీ పెద్దాయన తన మాటే చెప్పాడు. చెబుతుంటే ఎవరూ నవ్వలేదు, కన్సల్టెంట్ కూడా జవాబు చెప్పడానికి లేవలేదు.

ఇలాంటి సభలకి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. సభ అయిపోగానే ఇంటికి పోవద్దు. జరిగిన చర్చ సారాంశాన్ని స్థానిక భాషలో అక్కడే చదివి వినిపించాలని నోటిఫికేషన్‌లోనే ఉంది. మేము కూచున్నాం. మొదట చదివినదాంట్లో "కొందరు గ్రామస్థులు పక్షుల గురించి భావోద్వేగాలు వ్యక్తం చేశారు" అని ఉంది. మాస్టారు లేచి, భావోద్వేగాలు కాదండీ, సర్వే నెలల మీద అభ్యంతరం, గెడ్డ మీద డంపు మీద అభ్యంతరం అని రాయండి అన్నారు. మార్చారు. అప్పటికి ఏడున్నర, షామియానా వాళ్ళు తాళ్ళు విప్పుతున్నారు.

రాష్ట్ర స్థాయి నిపుణుల కమిటీ దగ్గరికి ఫైలు వెళ్ళాక, అనుమతి ఇవ్వలేదు, కాదనీ అనలేదు. జూన్ నుంచి నవంబర్ వరకు పక్షుల మీద విడిగా సర్వే చేయమంది, డంపు చోటు మార్చి గెడ్డకి దూరం వదిలి కొత్త ప్లాన్ పెట్టమంది, వైర్ సా సంగతి రాతపూర్వకంగా ఇమ్మంది. ఊళ్ళో కొందరు గెలిచామని టపాసులు కాలుద్దామన్నారట. పెద్దావిడ తిట్లు మళ్ళీ వినాల్సి వచ్చింది వాళ్ళకి. నా మటుకు నేను అది గెలుపనుకోలేదు. వానాకాలం సర్వే సరిగ్గా చేసి, డంపు అవతలి వాలుకి మార్చి, గూళ్ళ కాలంలో పేలుడు ఆపుతామంటే ఆ క్వారీకి అనుమతి రావచ్చు. అలా వస్తే నేను తప్పని అనను. ఈ మాట ఊళ్ళో చెప్పినప్పుడు కొందరు నాతో మాట్లాడటం మానేశారు.

నా రిపోర్టుల్లో మాత్రం ఇప్పుడు పద్ధతి మార్చుకున్నాను. సైటుకి వెళ్ళే ముందు ఆ ఊరి ముసలివాళ్ళతో ఒక పూట కూచుని కేలండర్ గీయించుకుంటున్నాను. దానికి ఫీజు ఎవరూ ఇవ్వరు. ఒక క్లయింటు, ఇవన్నీ మనకెందుకండీ అని పని వేరేవాళ్ళకి ఇచ్చేశాడు.

పోయిన జూలైలో వానాకాలం సర్వే మొదలైంది. పక్షుల మీద చదువుకున్న కుర్రాడు ఒకడు వచ్చాడు, ఆ రెండు మెట్లు లేని టవర్ ఎక్కి గూళ్ళు లెక్కపెడుతుంటే కింద ఆ నలుగురు ఆడపిల్లలూ తమ లెక్క సరిచూసుకుంటున్నారని మాస్టారు ఫోన్లో చెప్పారు.

మొన్న మా బంధువు మళ్ళీ ఫోన్ చేసింది. "అన్నయ్యా, కొండకి ఉత్తరం పక్క జీడితోట అవతల ఎవరో తెల్లసున్నం కొట్టిన రాళ్ళు పాతారు. 4.9 అంట. ఇది వేరే కంపెనీ అంట."

నేను అడిగింది ఒకటే. పాత లీజు హద్దు రాయి నుంచి ఈ కొత్త రాయికి ఎంత దూరం? రెండు లీజుల అంచుల మధ్య 500 మీటర్ల లోపు ఉంటే రెండూ ఒక క్లస్టర్ కింద లెక్క, విడిగా చిన్నదని తప్పించుకోవడం కుదరదు. కుర్రాళ్ళు అడుగులేసి చూశారట, 520 అన్నారట.

"ఏ రాయి నుంచి ఏ రాయికి?" అన్నాను.

అది ఎవరూ రాసుకోలేదు. ఆదివారం జీపీఎస్ తీసుకుని వస్తానన్నాను, రాళ్ళ దగ్గర ఎవరూ ఏమీ కదపొద్దని, ఈలోగా ప్రతి రాయికీ తేదీ కనబడేలా ఫొటో తీసి ఉంచమని చెప్పాను.